ఎడమవైపు తలుపు

కొత్త కారు కొనడానికి వచ్చినవాళ్ళు ముందుగా చక్రాన్ని ఓ తన్ను తంతారు. తలుపు తీసి దభీమని వేస్తారు. సీట్లో కూర్చుని స్టీరింగు పట్టుకుని ఫొటో దిగుతారు. అంతటితో వాళ్ళ పరీక్ష అయిపోతుంది. అద్దం మేస్త్రి మాత్రం చెప్పులు విడిచి గోడవారగా పెట్టాడు. జేబులోంచి పలచటి నూలు రుమాలు తీసి కుడి అరచేతికి చుట్టుకున్నాడు. తెల్లటి కారు పక్కన గొంతుక్కూర్చుని, ఒక కన్ను మూసి, ముందు దీపం నుంచి వెనక దీపం దాకా చూపు సారించాడు.

ఉత్త చేతికంటే రుమాలు చుట్టిన చేతికే రేకు మీది ఎత్తుపల్లాలు బాగా తెలుస్తాయి. ఆ సంగతి తెలియనివాడు ఈ పనికి పనికిరాడని అతని నమ్మకం. ఇరవై రెండేళ్ళుగా కార్లకి సొట్టలు తీసి రంగులు వేస్తున్నాడు. అతను రంగు వేసినచోట చూసుకుని తల దువ్వుకోవచ్చని తోటివాళ్ళు అద్దం అని పేరు పెట్టారు. కన్నవాళ్ళు పెట్టిన పేరు ఓటర్ల జాబితాలో తప్ప ఇంకెక్కడా మిగల్లేదు.

అక్క రెండడుగుల దూరంలో చేతిసంచి గుండెలకి హత్తుకుని నిలబడింది. ఊపిరి గట్టిగా వదిలితే తమ్ముడి ధ్యాస చెదురుతుందేమో అన్నట్టుంది ఆవిడ వాలకం. పదకొండేళ్ళుగా ఓ అద్దె కార్ల ఆఫీసులో డ్రైవరు. ఆస్పత్రులకి వెళ్ళే ముసలివాళ్ళు, ఒంటరి ఆడవాళ్ళు ఆవిడ బండే కావాలని ముందురోజే ఫోన్లు చేస్తారు. ఇన్నేళ్ళూ తోలింది ఎవరి బండో, తుడిచింది ఎవరి అద్దమో. ఈ తెల్లబండి ఆవిడది కాబోతోంది.

"మేస్త్రీ, తొందరేం లేదు. తనివితీరా చూసుకో" అన్నాడు ఆఫరన్న, ప్లాస్టిక్ కుర్చీలో వెనక్కి వాలి.

ఆఫరన్న షోరూము మనిషి కాదు, కంపెనీ మనిషీ కాదు. రెంటికీ మధ్య ఎక్కడో ఉంటాడు. ఊరి చివర ఇనప కంచె వేసిన ఈ యార్డులో వందకి పైగా కొత్త కార్లు వరసలుగా నిలబడి ఉంటాయి. షోరూము ధరకి పదో వంతు తగ్గించి వాటిలోంచి ఒకటి ఇప్పించడం అతని వ్యాపారం. అంత తగ్గింపు ఎలా వస్తుందని అక్క మొదటిరోజే అడిగింది.

"నెలాఖరుకి ఇన్ని బండ్లు అమ్మామని కంపెనీకి చూపించకపోతే ఈ షోరూము వాళ్ళ ఉద్యోగాలు ఊడతాయక్కా. బండి మీద దుమ్ము పేరుకునేకొద్దీ వీళ్ళకి నిద్ర పట్టదు. నేనొచ్చి ఆ బండి కదిలిస్తాను. వాళ్ళకి నిద్ర, మీకు తగ్గింపు, నాకు టీ ఖర్చు" అన్నాడు. ఆ టీ ఖర్చుతో అతను మూడంతస్తుల ఇల్లు కట్టాడని చెప్పుకుంటారు. అయినా అక్క నమ్మలేదు. "మా తమ్ముడు చూసి సరేనంటేనే" అంది. "తీసుకురండక్కా, అంతకంటేనా" అని ఆఫరన్న పళ్ళన్నీ కనిపించేలా నవ్వాడు.

అద్దం చెయ్యి బానెట్టు మీద నెమ్మదిగా పాకింది. బానెట్టు, ముందు రెక్క, ముందు తలుపు, వెనక తలుపు. ఇరవై రెండేళ్ళలో తను చూసిన చెత్తపనులన్నీ ఒక్కొక్కటే తలుచుకుంటూ వెతికాడు. తొందరపడే వాళ్ళు టేపు అంటించినచోట సన్నటి గీత మిగులుతుంది. షెడ్డు ఊడవని వాళ్ళ రంగులో దుమ్ము రవ్వలు చిక్కుకుంటాయి. రంగు చిక్కగా కలిపితే పైన బత్తాయి తొక్కలా లేస్తుంది. రబ్బరు పట్టీ ఊడదియ్యడానికి బద్ధకించిన వాళ్ళు దాని మీద కూడా ఓ చుక్క చిందిస్తారు. అన్నీ చూశాడు. కారుని ఎండలోకి తీయించి ఒకసారి, నీడలోకి తోయించి ఒకసారి చూశాడు. తెలుపుల్లో యాభై రకాల తెలుపు ఉంటుంది, అతనికి అవన్నీ తెలుసు. ఈ కారు నిండా ఒకటే తెలుపు.

లేచి, మోకాళ్ళు దులుపుకుని, రుమాలు విప్పి మడిచాడు.

"కంపెనీ రంగేనక్కా. మనిషి చెయ్యి పడలేదు. కళ్ళు మూసుకుని తీసుకో."

"నువ్వు కళ్ళు తెరిచి చూశావుగా, నాకు అది చాలు" అంది అక్క.

"మేస్త్రి పాస్ చేశాక ఇంక మాటేముంది!" అని ఆఫరన్న కుర్చీలోంచి లేచి తాళం చెవి అక్క చేతిలో పెట్టాడు. అద్దానికి షేక్‌హ్యాండ్ ఇచ్చి, ఆ చేతిని వెంటనే వదలకుండా, తిప్పి అరచెయ్యి చూశాడు. "మంచి చెయ్యి" అన్నాడు. పొగిడితే పొంగనివాడు ఎవడుంటాడు? అద్దం ఆ రోజంతా గాల్లో తేలుతూనే ఉన్నాడు.

మర్నాడు మధ్యాహ్నం షెడ్డు ముందు హారను మోగింది. రెండు పొట్టి మోతలు, ఒక పొడుగు మోత. అక్క చిన్నప్పుడు సైకిలు బెల్లు కూడా అలాగే కొట్టేది. అద్దం చేతిలోని గరుకు కాగితం పక్కన పడేసి బయటికొచ్చాడు.

"రాజీనామా ఇచ్చేశానురా" అంది అక్క కిటికీలోంచి తల బయటపెట్టి. "మా ఓనరు మొహం చూడాలి, చింతపండు నమిలినట్టు పెట్టాడు. ఎల్లుండి నా మొదటి ట్రిప్పు. మోకాళ్ళ మామ్మగారు."

మోకాళ్ళ మామ్మగారు వారానికోసారి ఆస్పత్రికి వెళ్ళే ముసలావిడ. కారెక్కడానికి ఐదు నిమిషాలు, దిగడానికి పది నిమిషాలు. మిగతా డ్రైవర్లు ఆవిడ పేరు చెబితే తప్పుకు తిరుగుతారు. అక్క మాత్రం దిగి వెళ్ళి వెనక ఎడమ తలుపు తీసి, ఆవిడ ఒక్కో కాలూ ఎత్తి లోపల పెట్టి, చీర కుచ్చెళ్ళు సర్ది, తలుపు వేస్తుంది. పదకొండేళ్ళుగా మామ్మగారి సీటు అదే.

"బండి ఎలా ఉంది?"

"పట్టులా పోతోంది. ఒక్కటే, కొంచెం వేగం పెంచితే వెనక ఎడమ పక్కనుంచి ఈల వినపడుతోంది. ఎవరో ఆకతాయి వెనకాల కూర్చుని నన్ను చూసి ఈలేస్తున్నట్టు."

"ఈ వయసులో నిన్ను చూసి ఎవరేస్తారే ఈల? రబ్బరు సరిగ్గా కూర్చుని ఉండదు. దిగు, చూస్తా."

అద్దం ఎడమ వెనక తలుపు తెరిచి చుట్టూ ఉన్న రబ్బరు పట్టీని వేళ్ళతో నొక్కుకుంటూ వచ్చాడు. బాగానే ఉంది. తలుపు వేసి, సందులో ఓ కాగితం ముక్క పెట్టి లాగి చూశాడు. పైన బిగువుగా ఉంది, కింద జారిపోతోంది. తలుపు ఒక పిసరు వాలిందన్నమాట. కొత్త బండికి తలుపెందుకు వాలుతుంది? ముఖం చిట్లించి, నేల మీద గోనె పట్టా పరుచుకుని వెల్లకిలా పడుకుని, తలుపు అడుగంచు చూశాడు.

అక్కడే అతని చూపు ఆగిపోయింది.

తలుపుని బల్లమీద పడుకోబెట్టి రంగు వేస్తే దుమ్ము వాలుతుంది. అందుకని అద్దం తలుపుని తలకిందులుగా వేలాడదీస్తాడు. వాన నీళ్ళు కారిపోవడానికి అడుగంచున చిన్న చిన్న బెజ్జాలుంటాయి, ఒకదాంట్లోంచి కొక్కెం దూరుస్తాడు. కొక్కెం పట్టుకున్నచోట రంగు పడదు. అన్నీ అయిపోయాక, ఆ మెంతిగింజంత చోటుకి సన్నటి కుంచెతో రంగు ముట్టించి, కుంచె ఒక్క చుట్టు తిప్పి తీస్తాడు. ఎవరూ చూడని చోటు. ఎవరూ అడగని పని. అయినా వదలడు. ఈ ఊళ్ళో ఇలా చేసేవాడు ఇంకొకడు లేడని అతనికి ఖాయంగా తెలుసు, ఎందుకంటే దాన్ని చూసి మిగతావాళ్ళంతా నవ్వుతారు.

తెల్లటి అంచు మీద, బెజ్జం పక్కన, చుట్టు తిరిగి ఆగిన ఆ కుంచె గుర్తు ఉంది.

అద్దానికి కాసేపు ఏమీ అర్థం కాలేదు. తన చెయ్యి కొత్త బండి మీదికి ఎలా వచ్చింది? వారానికి రెండుమూడుసార్లు ఒక వ్యాను వచ్చి ఒక్కో విడి తలుపు దింపి పోతుంది. యాక్సిడెంటు బండిదని డ్రైవరు చెబుతాడు. సొట్ట తీసి, లప్పం పెట్టి, రుద్ది, రంగు వేసి ఇస్తే మళ్ళీ తీసుకుపోతాడు. బండ్లు ఎప్పుడూ రాలేదు, తలుపులే వచ్చాయి. నిన్న యార్డులో తను అందరి తప్పులూ వెతికాడు. తప్పు లేని పని ఒకటి ఈ ఊళ్ళో ఉందని, అది తనదేనని, ఆ క్షణాన తట్టనే లేదు.

"ఏంట్రా, పడుకుని నిద్రపోయావా?" అంది అక్క.

అతను లేచి, ముందు తలుపుకీ వెనక తలుపుకీ మధ్య నిలువుగా ఉండే పిల్లరు దగ్గర కూర్చున్నాడు. పైన బూడిదరంగు ప్లాస్టిక్ తొడుగు ఉంది. రెండు చేతులతో పట్టుకుని లాగితే ఫట్ ఫట్‌మని పట్టీలు ఊడి తొడుగు చేతిలోకి వచ్చింది. లోపల నల్ల తారు పూత దట్టంగా కొట్టి ఉంది. గోరుతో గీకాడు. పూత కింద సమ్మెట దెబ్బలు, వాటికింద వంకరటింకరగా వెల్డింగు అతుకు. ఇనప పని తెలిసినవాడు ఎవడూ అలా అతకడు. వంగిపోయిన పిల్లరుని గొలుసు కట్టి బయటికి లాగి, విరిగినచోట నాలుగు చుక్కలు పెట్టి, పైన మసి పూశారు. పక్కనుంచి ఏదన్నా గుద్దితే కూర్చున్న మనిషికీ ఆ దెబ్బకీ మధ్య అడ్డంగా నిలబడాల్సిన స్తంభం అది. ఇప్పుడది అగ్గిపెట్టె అట్టతో సమానం.

"అక్కా, ఈ బండి దెబ్బతిన్నది" అన్నాడు.

అక్క వంగి చూసింది. డ్రైవరు కాబట్టి ఆవిడకి చెప్పక్కర్లేకపోయింది. వేలు పెట్టి ఆ అతుకుని తాకి, కాలినట్టు వెనక్కి తీసుకుంది. షెడ్డు గడప మీద కూలబడి, "నువ్వు చూశావు కదరా" అంది. తిట్టినట్టు కాదు, నిజంగానే అర్థం కాక అడిగినట్టు అంది.

"చూశానక్కా. తెలియలేదు."

"నీకు తెలియనంత బాగా ఎవడు చేశాడురా?"

చెప్పేయాల్సింది. నాలుక చివరిదాకా వచ్చింది. అక్క కళ్ళలోకి చూసి, మళ్ళీ ఆ తొడుగు కేసి చూసి, "ఎవడో" అన్నాడు అద్దం.

మూడోరోజు పొద్దున్న తొమ్మిదిన్నరకి ఇద్దరూ యార్డులో ఉన్నారు. దారి పొడుగునా అక్క ఆఫరన్నని ఏమేం అనాలో వల్లె వేసుకుంటూనే ఉంది. పోలీసులు, కోర్టు, పేపరు, టీవీ, అన్నీ అందులో ఉన్నాయి.

"రండక్కా రండి! ఏంటి, రెండో బండి కూడా కావాలా?" అన్నాడు ఆఫరన్న.

"ఇదే వెనక్కి తీసుకో. గుద్దేసిన బండికి పసుపు కుంకుమలు పెట్టినట్టు ముస్తాబు చేసి నాకు అంటగట్టావు. నీకు మనసెలా ఒప్పిందయ్యా?"

"సరే అక్కా."

అక్క వల్లె వేసుకున్నదంతా గొంతులోనే ఆగిపోయింది. "సరేనా?" అంది.

"సరే. ఇందులో గొడవెందుకు? నంబరింకా రాలేదు, కాగితాలు నా దగ్గరే ఉన్నాయి. ఇలాంటి బండి కోసమే ఓ పార్టీ పది గంటలకి వస్తున్నారు. వాళ్ళు ఊఁ అంటే మీ డబ్బు మీకు." సొరుగు లాగి, లావుపాటి కవరు తీసి బల్ల మీద పెట్టాడు. దాని మీద అరచెయ్యి ఆనించాడు. "వాళ్ళు ఉహూఁ అంటే మాత్రం బండి మీదే. అంతే ఒప్పందం."

అద్దం ఒకడుగు ముందుకు వేశాడు. "దెబ్బతిన్నదని వాళ్ళకి చెబుతారా?"

"నీకు చెప్పానా మేస్త్రీ?" అన్నాడు ఆఫరన్న, ఏమాత్రం తడుముకోకుండా. "చెప్పకుండానే చూపించాను. దాచిపెట్టలేదు కదా? పెద్ద లారీ మీంచి దింపుతుంటే జారి పక్కకి కొట్టుకుంది. నెలకి ఎనిమిదీ పదీ ఇలా జారుతూనే ఉంటాయి. కంపెనీకి తెలిస్తే తుక్కు కింద రాసేస్తారు. బంగారంలాంటి బండి తుక్కులో వెయ్యడం పాపం కాదూ? పిల్లరు ఇక్కడే కొట్టించాం. తలుపు మాత్రం నీ దగ్గరికి పంపించాను. నలుగురి కళ్ళూ పడేది తలుపు మీదే కదా."

యార్డులో ఎక్కడో ఒక కారు స్టార్టు చేసి ఆపేశారు.

"ఎవరి దగ్గరికి పంపించావు?" అంది అక్క.

"మీ తమ్ముడి దగ్గరికేనక్కా. ఆ వ్యాను మనదే. చెప్పలేదా?" ఆఫరన్న నిజంగానే ఆశ్చర్యపోయాడు. "మీరు మేస్త్రిని తీసుకొస్తానంటే నేను ఎందుకు సరేనన్నాననుకున్నారు? అతని పని మీద నాకున్న నమ్మకం అది. అతనికే దొరకలేదంటే ఇంకెవరికి దొరుకుతుంది?"

అక్క తమ్ముడి వైపు తిరిగింది. అద్దం తల దించుకున్నాడు. నిలువునా నీరైపోవడమంటే ఏమిటో అతనికి ఆ పూటే తెలిసింది. చెంప మీద ఒకటి కొట్టినా బాగుండునని ఎదురుచూశాడు. అక్క కొట్టలేదు. పరాయివాణ్ణి చూసినట్టు చూసి, ముఖం తిప్పుకుని వెళ్ళి కవరు ఉన్న బల్ల పక్కన నిలబడింది.

పదికల్లా ఆ పార్టీ వచ్చారు. అచ్చాఫీసులో పనిచేసే ఆయన, ఆయన భార్య. ఆయన చొక్కా కఫ్‌లకి సిరా మరకలున్నాయి. ఆవిడ కొత్త చెప్పులు వేసుకొచ్చి, అవి కరుస్తుంటే కుంటుతోంది. కారుని చూడగానే ఆవిడ ముఖం విప్పారింది. ఆయన యథాప్రకారం చక్రాన్ని తన్నాడు. ఆవిడ వెనక ఎడమ తలుపు తీసుకుని లోపల కూర్చుని, సీటు మీద ఒకటికి రెండుసార్లు ఊగి, "ఇక్కడ నేను, అటు మీ అమ్మ. మధ్యలో సంచీలు పెట్టుకున్నా ఇంకా చోటుందండీ" అంది.

ఆయన అక్క దగ్గరికి వచ్చాడు. "మీదేనటగా అమ్మా బండి? రెండు రోజులకే ఇచ్చేస్తున్నారెందుకు?"

అద్దం అక్క ముఖం చూశాడు. ఇప్పుడు మొదలవుతుంది, ఆఫరన్న పని అయిపోయింది అనుకున్నాడు. పైసా తేడా వస్తే అర కిలోమీటరు వెనక్కి నడిచివెళ్ళి ఇచ్చొచ్చే మనిషి అక్క. పోయిన ఏడు బండిలో ఎవరో మరిచిపోయిన బంగారు గొలుసుని రెండు రోజులు ఊరంతా తిరిగి వెతికి మరీ ఇచ్చింది.

"మాకు కొంచెం పెద్ద బండి కావాల్సొచ్చిందండీ" అంది అక్క. "ఇది మాత్రం ముత్యంలాంటి బండి."

అక్క గొంతు తొణకలేదు, బెణకలేదు. చిన్నప్పుడు సూది వేయించడానికి తీసుకెళ్ళి, నొప్పెట్టదురా, చీమ కుట్టినట్టుంటుందంతే అని నమ్మించిన గొంతు అది. ఆవిడ చెయ్యి బల్ల అంచు మీద ఉంది, కవరుకి జానెడు దూరంలో.

ఆయన ఇటు తిరిగాడు. "మీరే కదండీ అద్దం మేస్త్రి? మీరు చూసి పాస్ చేశారని ఆఫరన్న ఫోన్లోనే చెప్పారు. మా ఆఫీసులో ఇద్దరు మీ మాట మీదే ఇక్కడ బండ్లు కొన్నారు. ఇంక మాకేం భయం?"

తన మాట మీదనా? తను ఎవరికీ ఏ మాటా ఇవ్వలేదు. ఇవ్వకుండానే అది ఊళ్ళో తిరుగుతోంది. ఆఫరన్న చిరునవ్వుతో చూస్తున్నాడు. అక్క చూస్తోంది. ఆ చూపులో బతిమాలుకోవడం ఉంది. నోరు తెరవకు, ఒక్క నిమిషం ఊరుకో, పదకొండేళ్ళ కష్టంరా అంటోంది ఆ చూపు. ఊరుకోవడం పెద్ద పనేం కాదు. ఇన్నాళ్ళూ చేసింది అదే.

"అమ్మా, ఒకసారి దిగండి" అన్నాడు కారు దగ్గరికి వెళ్ళి.

ఆవిడ దిగింది. అద్దం నిన్న తిరిగి తగిలించిన తొడుగు పట్టుకుని ఊడలాగాడు. "ఇక్కడ వేలు పెట్టి చూడండి. ఇది అతుకు. పక్కనుంచి ఏదన్నా తగిలితే ఈ ఇనుము ఆగదు. మీరు కూర్చున్నది దీని వెనకాలే. ఈ తలుపుకి రంగు వేసింది నేను. చూసి బాగుందని చెప్పిందీ నేనే. రెండూ తప్పే."

అచ్చాఫీసు ఆయన వంగి చూసి, నిటారుగా లేచాడు. కోపం రావడానికి కూడా వ్యవధి పట్టింది. భార్య చెయ్యి పట్టుకుని, "పద, పద" అని లాక్కుపోబోయాడు. ఆవిడ మాత్రం రెండడుగులు వేసి ఆగి, అక్క ముఖంలోకి చూసింది.

"ముత్యంలాంటి బండి అన్నారు కదమ్మా" అంది. దెప్పినట్టు కాదు. నమ్మలేక మళ్ళీ అడిగినట్టు. అక్క చెయ్యి బల్ల మీంచి జారిపోయింది.

వాళ్ళు గేటు దాటాక ఆఫరన్న కవరు తీసి సొరుగులో పెట్టి మూశాడు. అతనికి కోపం కూడా రాలేదు, అదే అన్నిటికంటే భయంగా ఉంది. "ఒప్పందం ఒప్పందమే అక్కా. కేసు పెడతానంటే పెట్టుకోండి, కాదనను. తలుపు చేసింది మీ తమ్ముడు. చూసి పాస్ చేసిందీ మీ తమ్ముడే. నేను మధ్య మనిషిని" అని టీ తెప్పించడానికి ఎవరినో కేకేశాడు. ముగ్గురికీ చెప్పాడు.

వాళ్ళు టీ తాగలేదు.

కారు దగ్గరికి వచ్చి అద్దం ముందు తలుపు మీద చెయ్యి వేశాడు.

"ముందు కాదు" అంది అక్క. "వెనక ఎక్కు. ఎడమ పక్క."

అతను వెళ్ళి కూర్చున్నాడు. తొడుగు ఊడిన పిల్లరు భుజం పక్కనే ఉంది, తారు వాసన వేస్తోంది. అక్క బండి తీసింది. ఆవిడ తోలడం ఎప్పటిలాగే ఉంది, గిన్నెలో నీళ్ళు కూడా తొణకనట్టు. బండి పెద్ద రోడ్డు మీదికి వచ్చింది.

"ఎన్నిరా?"

"ఏంటక్కా?"

"తలుపులు. ఎన్ని చేశావు?"

"లెక్కపెట్టలేదు."

"ఇప్పుడు పెట్టు."

వారానికి రెండు, ఒక్కోసారి మూడు. ఏడాదిన్నర. "నూట యాభై పైనే ఉంటాయి" అన్నాడు.

"ఒక్కసారన్నా అడిగావా, ఇది ఏ బండి తలుపు, ఎక్కడికి పోతుంది అని?"

"లేదక్కా." "కొన్నిటికి పిడి మీద అంటించిన ప్లాస్టిక్ కాగితం కూడా ఊడలేదు. పాత బండికి అది ఉండదు. చూశాను. అడిగితే వ్యాను రాదేమోనని అడగలేదు."

"నూట యాభై మంది దగ్గర తెరవని నోరు, నా ఒక్కదాని డబ్బు దగ్గర తెరిచావా?" అంది అక్క.

ఆ మాట గుండెలో దిగి అక్కడే ఉండిపోయింది.

"నువ్వు ఊరుకుని ఉంటే కవరు తీసుకుని ఇంటికి పోయేదాన్నిరా" అంది అక్క కాసేపటికి. "అన్నం తిని పడుకునేదాన్ని. నిద్ర కూడా పట్టేదేమో. ఆవిడ నన్నలా అడిగిందాకా నేను ఏం చేస్తున్నానో నాకే తెలియలేదు. నేనిలాంటి దాన్నా అని అప్పట్నుంచీ ఒళ్ళు వణుకుతోంది."

కూడలి దగ్గర ఎర్రదీపం పడింది. బండి ఆగింది. ఎడమ పక్కనుంచి ఒక బస్సు దూసుకొచ్చి, జానెడు దూరంలో, కిర్రుమని ఆగింది. అద్దం గభాలున సీటు మధ్యకి జరిగాడు. జరిగాక తలెత్తితే, ముందున్న చిన్న అద్దంలో అక్క కళ్ళు అతన్నే చూస్తున్నాయి.

"జరగకు. మామ్మగారైతే అలా జరగలేరు" అంది.

అతను మళ్ళీ అంచుకి వచ్చి కూర్చున్నాడు. బస్సు ఇంజను వేడి కిటికీలోంచి ముఖానికి కొడుతోంది. వేలు చాపితే తగిలేంత దగ్గరగా దాని చక్రం తిరగడానికి సిద్ధంగా ఉంది. నూట యాభై తలుపులు ఈ ఊళ్ళో ఏ బస్సుల పక్కన, ఎవరి భుజాల పక్కన ఉన్నాయో అనుకున్నాడు.

"నేను బాగుచేస్తానక్కా. అతికిందంతా కోసేసి కొత్త పిల్లరు పెట్టిస్తాను. నాలుగు వారాలు ఇవ్వు. పైసా అడగను."

"నువ్వు బాగుచేస్తే ఎక్కడ చేశావో నాకెలా తెలుస్తుందిరా? నీకే తెలియలేదు కదా."

ఇరవై రెండేళ్ళుగా అతన్ని అందరూ మెచ్చుకున్నది దానికే. అద్దం తన అరచేతులు చూసుకున్నాడు.

"రంగు వెయ్యను" అన్నాడు. "లప్పం పెట్టను. తొడుగు కూడా బిగించను. అతుకు అతుకులాగే ఉంటుంది. ఎక్కే ప్రతివాళ్ళకీ కనిపిస్తుంది."

"ఇదేంటమ్మా అని అడిగితే?"

"ఏం జరిగిందో చెప్పు. ఎవరు చేశారో కూడా చెప్పు. తర్వాత ఎక్కితే ఎక్కుతారు, లేకపోతే లేదు. ఇంక తలుపులు తేవద్దని వ్యాను డ్రైవరుకి రేపు చెబుతాను. అచ్చాఫీసుకి వెళ్ళి ఆ ఇద్దరి అడ్రసులు అడుగుతాను. మిగతావాళ్ళు ఎక్కడున్నారో నాకు తెలియదు."

పచ్చదీపం పడింది, వెనకాల హారన్లు మొదలయ్యాయి. బస్సు ముందుకు పోయింది. అక్క గేరు వేసి, ఇంటికి తిరగాల్సిన మలుపు దాటించి, బండిని షెడ్డు వైపు పోనిచ్చింది.